నాచు చారు

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ ఆవిడ నన్ను పెట్టిన హింస ముందు చెప్పుకోకపోతే, మంచి చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆవిడ కూతురు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, "అమ్మ పోయింది. శనివారం చర్చిలో ప్రార్థన. మీరు తప్పకుండా రావాలి" అంది. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడ బెల్లు కొట్టే పద్ధతి. రెండు చేతుల్లోనూ ఎప్పుడూ ఏదో ఒక గిన్నె ఉండేది కనక మోచేత్తో నొక్కేది. నొక్కి తీసేది కాదు. తలుపు తెరుచుకునేదాకా మోచెయ్యి అక్కడే ఆనించి ఉంచేది. పడుకోబెట్టిన పిల్ల లేచి కూర్చునేది. నేను పళ్ళు నూరుకుంటూ వెళ్ళి తలుపు తీస్తే, నా మొహం కూడా చూడకుండా చెప్పులు విడిచి, సరాసరి నా వంటింట్లోకి నడిచి, నా స్టవ్ మీద గిన్నె పెట్టి, నా కంచం తీసి, "ఈట్" అనేది.

షాంటిలీ అనే ఊళ్ళో మేము అద్దెకున్న టౌన్‌హౌస్‌కి గోడ అవతల ఇల్లు ఆవిడది. కొరియా మనిషి. డెబ్బై దాటిన వయసు, నా భుజం దాకా వచ్చే ఎత్తు, ఉంగరాల జుట్టు, ఎండ లేకపోయినా నెత్తిన ఎండ టోపీ. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, పెళ్ళయి, ఉద్యోగం చేయడానికి వీల్లేని హెచ్-ఫోర్ వీసా మీద వచ్చి, ఏడాదిన్నర పిల్లతో ఆ ఇంట్లో ఇరుక్కుపోయి ఉన్నాను. ఇక్కడ డాక్టరు కావాలంటే లైసెన్స్ పరీక్షలు రాయాలి. చదువుకోవాలంటే లైబ్రరీకి వెళ్ళాలి. పిల్లని ఎవరికి అప్పజెప్పను? మా ఆయన పొద్దున్నే ఆష్‌బర్న్ ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రానికి గానీ రారు. అలా మా పిల్ల సిరి పక్కింటి ఆవిడ వీపు మీదికెక్కింది. బొంత లాంటి గుడ్డతో పిల్లని వీపుకి కట్టుకుని ఆవిడ కూరగాయలు తరిగేది, ఫోన్‌లో పోట్లాడేది, పెరట్లో మిరప మొక్కలకి నీళ్ళు పోసేది. సిరి ఆవిడని హల్మొని అనేది. వాళ్ళ భాషలో అమ్మమ్మ అన్నమాట. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ మాత్రం నా పేరు ఒక్కరోజూ పలకలేదు. నన్ను "షిరి ఒమ్మ" అనేది. సిరి అని పలకడం ఆవిడకి రాదు. ఒమ్మ అంటే అమ్మ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మొదటి రోజే చెప్పాను, మేము శాకాహారులమని.

"నో మీట్?"

"నో మీట్, హల్మొని."

"చికెన్?"

"నో చికెన్. ఎగ్ కూడా నో."

"ఓకే, ఓకే" అని తల ఊపింది. ఇంట్లో ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసే పిల్ల అక్కడ గిన్నెడు అన్నం తింటోందంటే పొంగిపోయాను. రెండు వారాల తర్వాత ఒకరోజు త్వరగా వెళ్ళి గిన్నెలోకి తొంగి చూస్తే, వేలెడు పొడుగు కూడా లేని ఎండుచేపలు వెండి కళ్ళతో నన్నే చూస్తున్నాయి.

"హల్మొని! ఫిష్!"

"యెస్, ఫిష్" అంది నిబ్బరంగా. "నో మీట్."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అరగంట చెప్పాను. చారులో మరిగించి తీసేసిన చేప కూడా చేపేనని, పులియబెట్టిన రొయ్యలు వేసిన కాబేజీ పచ్చడి కూడా మాకు పనికిరాదని. అంతా విని, నన్ను పైనుంచి కింద దాకా చూసి, "దట్స్ వై యూ సో వీక్" అంది. ఆ తర్వాత పుట్టగొడుగులు మరిగించిన నీళ్ళతో మాకు వేరే గిన్నెలో వండడం మొదలుపెట్టింది, కానీ ప్రతిసారీ ఒక నిట్టూర్పు కూడా వడ్డించేది. ఆ రెండు వారాల సంగతి మా అత్తగారికి ఇప్పటికీ తెలియదు.

నవంబరులో ఇంకో గోల. ఆవిడ స్నేహితురాళ్ళు ఆరుగురు వచ్చి గరాజ్‌లో ప్లాస్టిక్ పట్టలు పరిచి, చంటిపిల్లలకి స్నానం చేయించే టబ్బులంత టబ్బుల్లో కాబేజీలు ఉప్పులో ఊరేసి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, రెండు రోజులు కారం పూసేవారు. చలికాలానికి సరిపడా పచ్చడి అందరూ కలిసి పెట్టుకోవడం వాళ్ళ ఆచారమట. మనం ఎండాకాలంలో ఆవకాయ పెట్టుకుంటామే, అలా అనుకోండి. నాకు అభ్యంతరం లేదు. కానీ వెల్లుల్లి వాసనతో వీధి వీధంతా అదరగొట్టిన ఆ మనిషి, ఒకరోజు నేను పప్పులో ఇంగువ పోపు వేస్తుంటే కిటికీ దగ్గరికి వచ్చి ముక్కు మూసుకుని, "షిరి ఒమ్మ, గ్యాస్ లీక్?" అని అడిగింది. ఆవిడని ఏం చేస్తే పాపం పోతుంది, చెప్పండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆవిడ వంటింటి గోడకి చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఉండేది. అందులో తెలిసిన వాళ్ళందరి పుట్టినరోజులూ రాసుకునేది. పరిచయమైన కొత్తలో నన్నూ అడిగితే, అలవాటు కొద్దీ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ చెప్పేశాను. నేను నిజంగా పుట్టింది మార్గశిరంలో. బడిలో వేసేటప్పుడు మాస్టారు వయసు సరిపోవాలని జూన్‌లో ఏదో తేదీ వేశారు. మా తరంలో సగం మందికి రెండు పుట్టినరోజులు. ఫారాల మీద ఒకటి, ఇంట్లో ఒకటి. జూన్ తేదీ నాకు పాస్‌పోర్ట్ నంబరు లాంటిదే, ఆ రోజు వచ్చిందీ వెళ్ళిందీ కూడా తెలిసేది కాదు. అందుకే పరీక్షకి ఖాళీ ఉన్న తేదీల్లో అది కనిపిస్తే ఏమీ తట్టక బుక్ చేసేసుకున్నాను.

పరీక్ష సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పరీక్ష తేదీ ముందే బయటపెడితే దిష్టి తగులుతుందని మన ఇళ్ళల్లో భయం కదా. పాసయ్యాక చెప్పుకుందాంలే అనుకుంటాం. గుండెకి ఎన్ని గదులున్నాయో కోసి చూసినదాన్ని, నాకూ ఆ భయం ఉంది. హల్మొనికి మాత్రం ఆ రోజు లైబ్రరీలో ఆలస్యమవుతుందని చెప్పాను.

ఆ పొద్దున ఆరున్నరకి మోచెయ్యి బెల్లు మీద ఆనింది. చేతిలో గిన్నె. గిన్నెలో నల్లపచ్చటి సముద్రపు నాచు, పైన నువ్వులనూనె తేలుతున్న చారు. "హాపీ బర్త్‌డే, షిరి ఒమ్మ!"

ఎవరి పుట్టినరోజో నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. నాకు అప్పుడు అన్నం సహించే స్థితి లేదు, ఇక నాచు ఏం సహిస్తుంది? వద్దంటే వినదు. పొట్ట చూపించి, చేతులతో పసిబిడ్డని ఊపినట్టు ఊపి, "బేబీ కమ్, మదర్ ఈట్ దిస్. సో బర్త్‌డే, యూ ఈట్" అంది. వాళ్ళలో బాలింతకి మూడు వారాలూ ఆ చారే పథ్యమట. కన్న రోజు అమ్మ తాగింది కనక, ప్రతి పుట్టినరోజు పొద్దునా పిల్లలు అది తాగి అమ్మని తలుచుకోవాలట. మా అమ్మ తాగింది వాము కషాయం అని చెప్పడానికి నాకు టైమ్ లేదు. గోడకానుకుని నిలబడి గడగడా తాగేశాను. బచ్చలాకు పులుసులో పులుపు తీసేసి సముద్రం పోసినట్టుంది. ఆవిడ గిన్నె అడుగు చూసి తృప్తిగా పిల్లని వీపున కట్టుకుంది.

ఫెయిలయ్యాను.

ఎందుకు ఫెయిలయ్యానో నాకు బాగా తెలుసు. బయోకెమిస్ట్రీ పుస్తకంలో సగం పేజీలు నేను విప్పనే లేదు. ప్రశ్నలు రావులే అని ధైర్యం చేశాను. వచ్చాయి. రిజల్ట్ వచ్చిన మధ్యాహ్నం వంటింట్లో కింద కూర్చుని ఏడుస్తుంటే, సిరిని దింపడానికి ఆవిడ వచ్చింది. ఏమైందని వదలకుండా అడిగింది. చెప్పేశాను. రెండోసారి కూడా పోతే రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో శిక్షణకి, నన్ను పిలిచేవాళ్ళెవరూ ఉండరని, ఇన్నేళ్ళ చదువు చెత్తబుట్టలో వేసుకోవాల్సిందేనని కూడా చెప్పాను.

"ఎగ్జామ్ వెన్?"

తేదీ చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"దట్ డే? సూప్ డే?" అంది. "అయిగో" అంటూ నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత నా వంటింటి గచ్చు మీద ఒక కాలు ముందుకి జార్చి, పడిపోబోతున్నట్టు చూపించింది. నాచు జారుతుంది. పరీక్ష రోజు ఆ చారు తాగితే చదివిందంతా జారిపోతుంది. కొరియాలో పిల్లల పరీక్ష రోజు ఏ తల్లీ ఆ చారు పొయ్యి మీద పెట్టదు. ఎవరైనా ఫెయిలైతే నాచు చారు తాగాడని అంటారు కూడా. "వై యూ నో టెల్ మీ?" అని నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. నా బాధలో నేనుంటే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈవిడ జారుడు నాట్యం. ఒళ్ళు మండిపోయింది.

"యెస్!" అని అరిచాను. "నీ సూప్ వల్లే ఫెయిలయ్యాను. బికాజ్ ఆఫ్ యువర్ సూప్! చాలా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అన్న మరుక్షణమే అది అబద్ధమని నాకు తెలుసు. ఆవిడ సిరి బొమ్మని నేల మీది నుంచి తీసి పిల్ల చేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు బెల్లు మోగలేదు. మూడో రోజు మోగింది. క్షమాపణ చెప్పాలని నోరు తెరిచేలోపే ఆవిడ నా ఫ్రిజ్ తెరిచింది.

అప్పటినుంచి ఎనిమిది నెలలు నా ప్రాణం తీసింది. ఫ్రిజ్‌లో బెండకాయలు కనిపిస్తే చెత్తలో పడేసేది. జిగురుగా జారతాయి కదా! మా గుంటూరులో బెండకాయ తింటే లెక్కలొస్తాయని కుక్కి కుక్కి పెడతారు. ఆవిడ లెక్కలో బెండకాయ తిన్నవాడు మెట్ల మీది నుంచి జారినట్టే. అరటిపండు వద్దు, బచ్చలి వద్దు, నూడుల్స్ వద్దు. కావలసింది అంటుకునే తిండి. జిగురు బియ్యం దంచి చేసిన ముద్దలు, మన తిరునాళ్ళలో అమ్మే జీళ్ళలాంటి పాకం మిఠాయి. అవి తింటే పాస్ అతుక్కుంటుందట. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని పాటలు పాడే మనిషి, మిగతా ఆరు రోజులూ జిగురునే నమ్ముకుంది. పుస్తకం ముందు కూర్చుంటే పక్కన ప్లేటు పెట్టి, నేను నమిలేదాకా నిలబడేది. ఒకసారి మిఠాయితో పాటు నా పంటి సిమెంటు కూడా ఊడి వచ్చింది.

"ఆవిడకి ఎలా చెప్పమంటారు? నాకు పిచ్చెక్కుతోంది" అని మా ఆయన దగ్గర మొత్తుకున్నాను.

"పోనీలేవే, పెద్దావిడ. తింటే నీ సొమ్మేం పోయింది?" అన్నారు. సిమెంటు ఊడింది ఆయన పంటిది కాదుగా.

నా దిష్టి నాకు నమ్మకం, ఆవిడ జిగురు నాకు మూఢత్వం. అప్పుడు అంతకు మించి ఆలోచించలేదు. ఆవిడది సాయం చేయాలన్న ఉత్సాహం కాదు, భయం అని నాకు తట్టలేదు. నా పరీక్ష నాకెంతో ఆవిడకీ అంతే అయింది. మోచెయ్యి బెల్లు మీద ఆనిందంటే నాకు తెలిసిందల్లా విసుగే.

ఈసారి తేదీ దాచే అవకాశం లేదు. క్యాలెండర్‌లో ఎర్ర సున్నా చుట్టింది. ఆ రోజు మా ఆయన సెలవు పెట్టి పిల్లని చూసుకుంటానన్నారు. నేను కారు దగ్గరికి వెళ్ళేసరికి, చర్చికి వేసుకునే నీలం కోటుతో ఆవిడ ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి. దిగమంటే దిగదు. వాదించే టైమ్ లేదు.

పరీక్ష సెంటరు ఒక ఆఫీసు భవనంలో ఉంది. అద్దాల తలుపు దగ్గరికి రాగానే ఆవిడ సంచిలోంచి పాకం ముద్ద తీసి, నోట్లో ఒకసారి తడిపి, బొటనవేలితో ఆ అద్దానికి గట్టిగా అదిమింది. అతుక్కుంది. కొరియాలో పిల్లలు పరీక్ష రాసే బడి గేటుకి తల్లులు అలా అంటిస్తారట. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. లోపలున్న సెక్యూరిటీ ఆయన, తలుపంత మనిషి, బయటికి వచ్చాడు.

"మేడమ్, మీరు అలా చేయకూడదు."

"యూ నో టచ్" అంది హల్మొని, ఆయన బెల్టు దాకా ఉన్న మనిషి, వేలెత్తి. "షీ డాక్టర్. ఫైవ్ ఓ క్లాక్, ఐ క్లీన్."

ఆయన నన్ను చూశాడు. నేను నేలని చూశాను. "ఫైవ్ ఓ క్లాక్" అన్నాడాయన. ఎనిమిది గంటల పరీక్ష రాసి బయటికి వస్తే, ఆవిడ తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్న సెక్యూరిటీ ఆయన దవడ కదులుతోంది. మాట్లాడటానికి వీల్లేకుండా ఆయన పళ్ళకి కూడా పాకం అంటుకుంది. ఆవిడ లేచి, చేతిరుమాలు తడిపి, అద్దం శుభ్రంగా తుడిచి కారెక్కింది. ఎలా రాశావని అడగలేదు.

పాసయ్యాను. మంచి మార్కులతోనే. రిజల్ట్ చూసిన వెంటనే చెప్పులు కూడా లేకుండా పక్కింటికి పరుగెత్తాను. "పాస్! హల్మొని, పాస్!" అని ఆవిడని ఎత్తినంత పని చేశాను. సంతోషంలో నోటికి వచ్చింది అనేశాను: "నీ కాండీ వల్లే! యువర్ కాండీ!" ఎనిమిది నెలలు బయోకెమిస్ట్రీ నమిలినదాన్ని నేను. అయినా పెద్దావిడ సంతోషిస్తుంది కదా అని ఆ ఘనతంతా మిఠాయికి ఇచ్చేశాను. ఆవిడ వంటింటి నేల మీద కూలబడి ఏడ్చింది. ఆనందం అనుకున్నాను.

ఆ జూన్‌లో నా సర్టిఫికెట్ పుట్టినరోజున బెల్లు మోగలేదు. హమ్మయ్య, నాచు పీడ విరగడైంది అనుకున్నాను. తర్వాత నాకు పెన్సిల్వేనియాలో రెసిడెన్సీ వచ్చింది, వెళ్ళిపోయాం. ఆవిడ కూతురి దగ్గరికి న్యూజెర్సీ చేరింది. పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తే, "షిరి ఈట్ వెల్?" అని అడిగి పెట్టేసేది.

శనివారం ప్రార్థన అయ్యాక చర్చి కింద హాల్లో భోజనాలు పెట్టారు. వచ్చినవాళ్ళు తినకుండా వెళ్తే పోయినవాళ్ళకి మర్యాద కాదట. అందరూ ఎర్రటి మాంసం చారు తింటుంటే, నేను కాగితం ప్లేటులో అన్నం, మొలకలు పెట్టుకుని నిలబడ్డాను. కూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తల్లి కళ్ళే.

"షిరి ఒమ్మ మీరే కదా? మిమ్మల్ని ఒకటి అడగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను" అంది ఇంగ్లీషులో. "అమ్మకి సీవీడ్ సూప్ మానేయమని చెప్పింది మీరేనా? అయోడిన్ ఎక్కువనా? అమ్మకి థైరాయిడ్ ఏమైనా ఉందా? మా ఎవరికీ చెప్పలేదు."

"నేనా? నేనేం చెప్పలేదే."

"నా పుట్టినరోజులకి చేయడం మానేసింది. పోనీ అనుకున్నాను. మా దగ్గరికి మారకముందు, నాకు పాప పుట్టినప్పుడు వచ్చి మూడు వారాలుంది, అప్పుడూ చేయలేదు. కొరియన్ అమ్మ బాలింతకి ఆ సూప్ చేయకుండా ఉండటం మీరు ఊహించలేరు. షాపు నుంచి కొని తెప్పించింది. నీ చేత్తో చేసి పెట్టమ్మా అని నేను ఏడ్చాను. 'నా చెయ్యి మంచిది కాదు, ఒక డాక్టరే చెప్పింది' అంది. ఆవిడకి తెలిసిన డాక్టరు మీరొక్కరే."

 మిఠాయి వల్ల పాసయ్యానంటే చారు వల్ల ఫెయిలయ్యానన్నట్టే కదా. మొదటిసారి కోపంలో అన్నదాన్ని రెండోసారి సంతోషంలో ఖాయం చేశాను. వైద్యుడికి హస్తవాసి ఉండాలంటాం మనం. ఊరందరికీ వండి పెట్టిన మనిషి హస్తవాసి మీద నేను ముద్ర కొట్టి, తీర్పు ఇచ్చి, డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోయాను. కన్నకూతురి పురిటికి ఆవిడ తన చేతినే నమ్మలేకపోయింది. నేనేమో బెల్లు మోగడం లేదని సంబరపడ్డాను.

"థైరాయిడ్ లేదు, అయోడిన్ లేదు" అన్నాను. "నేను చదవక పరీక్ష ఫెయిలయ్యాను. ఆ పొద్దున మీ అమ్మ నాకు ఆ చారు పెట్టింది. కోపంలో నెపం దాని మీద వేశాను. ఆవిడ నమ్మేసింది. తర్వాత ఎన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడినా, కాదని చెప్పలేదు."

కూతురు తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. ఆమె నా చేతిలోంచి ప్లేటు తీసుకుని పక్క బల్ల మీద పెట్టింది.

"ఈ మాట నాకు కాదు" అంది. "అక్కడ చెప్పండి."

హాలు చివర తెల్ల చామంతుల మధ్య ఆవిడ ఫోటో ఉంది. నా ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళు తల వంచి, లేచి, పక్కకి జరిగేదాకా ఆగాను. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆ భాషలోనే కదా ఆవిడని అంత మాట అన్నానని గుర్తొచ్చి, ఆపేసి, తెలుగులో చెప్పాను.

"తప్పు నీ చేతిది కాదు, హల్మొని. నేను చదవలేదు."